లేటు మాస్టారి రహస్య కాపురం

లేటు మాస్టారికి ఎక్కడో రహస్యంగా ఒక కాపురం ఉందని మా వీధిలో రెండేళ్లుగా ఒక మాట తిరుగుతోంది. లేదు. ముందు ఆ సంగతి తేల్చేసి, మిగతాది తర్వాత చెప్పుకుందాం. ఆ మాటను పుట్టించినవాళ్లూ, పాలు పోసి పెంచినవాళ్లూ అందరూ మన మధ్యే ఉన్నారు. ఎవరినీ వేలెత్తి చూపించడం ఎందుకు గానీ, కుట్టుమిషను ఆవిడ మాత్రం ఆ ఇంటి కిటికీ పరదాలు లేత ఆకుపచ్చ రంగని కూడా చెప్పింది. ఆవిడకెలా తెలుసని అడిగితే, తన దగ్గర కుట్టించుకోలేదనే కదా తన బాధంతా అంది.

మాట పుట్టడానికి కారణం మాత్రం లేకపోలేదు. లేటు మాస్టారు బడికి లేటుగా వస్తారు. అప్పుడప్పుడూ కాదు, రోజూ వస్తారు. ఇంటి దగ్గర బయలుదేరేది ఏడున్నరకి. బడికి నడక పది నిమిషాలు. బడిలో కాలు పెట్టేది తొమ్మిది దాటి ఇరవై నిమిషాలకి. మధ్యలో గంటా నలభై నిమిషాలు మిగిలిపోతోంది. అంత సమయం ఊరికే ఖాళీగా ఉంటే వీధి ఊరుకుంటుందా. అందులో ముందు ఒక ఆడమనిషిని పెట్టింది, తర్వాత ఇద్దరు పిల్లల్ని పెట్టింది, చివరికి పరదాలు కట్టింది.

ఆయన ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నది మళ్లీబడిలో. బోర్డు మీద అసలు పేరు పొడుగ్గా ఏదో ఉంది, చివరిదాకా చదివినవాళ్లు లేరు. వేరే బళ్లు పేరు కొట్టేసిన పిల్లలు, మధ్యలో మానేసినవాళ్లు, ఒకే తరగతిని మూడేళ్లు పట్టుకుని వేలాడినవాళ్లు మళ్లీ చదువుకోవడానికి వచ్చే చోటు కాబట్టి అందరూ మళ్లీబడి అంటారు. ఒకప్పుడది కుర్చీల గోదాము. గోడ మీద ఇప్పటికీ 'కాళ్లు విరిగినవి ఇటు' అని రాసి బాణం గుర్తు వేసి ఉంది. ఆ బాణం చూపించే గదే ప్రధానోపాధ్యాయుడిది.

నలభై ఒక్కమంది పిల్లలు, నలుగురు పంతుళ్లు. బడి వేళ తొమ్మిది. మాస్టారు తొమ్మిదీ పన్నెండుకి రావచ్చు, తొమ్మిదీ ఇరవైకి రావచ్చు, వాన పడితే తొమ్మిదీ నలభై. తొమ్మిదింటికి వచ్చిన రోజు మాత్రం ఎవరి జ్ఞాపకంలోనూ లేదు.

ఆ రాక చూడవలసిందే. చొక్కా సగం లోపల, సగం బయట. నుదుటి మీద ధారగా చెమట. తరగతి గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడి, "లోపలికి రావచ్చాండీ?" అని పిల్లల్ని అడుగుతారు.

"కారణం?" అంటుంది లోపల్నుంచి ఒక గొంతు.

"గొడుగు తెరుచుకోలేదండీ."

"నిన్న మూసుకోలేదన్నారు."

"నిన్న మూయడానికి బలంగా లాగాను గదండీ. అందుకే ఇవాళ తెరుచుకోలేదు."

పిల్లలు గుసగుసలాడుకుని మార్కులు వేస్తారు. "పదికి ఆరు. రండి సార్."

ఇంటికి తాళం వేశానో లేదోనని సగం దారి నుంచి వెనక్కి వెళ్లాను, వేసే ఉంది, కానీ కళ్లజోడు లోపల ఉండిపోయింది, తాళంచెవి వెతకాలంటే కళ్లజోడు కావాలి అన్న రోజున ఏడు వచ్చాయి. అంతకు మించి ఎప్పుడూ రాలేదు. ఒకరోజు ఏమీ తోచక, "కారణం లేదండీ" అన్నారు. సున్నా వేసి అయిదు నిమిషాలు బయటే నిలబెట్టారు. ఆయన బుద్ధిగా నిలబడ్డారు. అటుగా వచ్చిన లెక్కల పంతులు ప్రధానోపాధ్యాయుణ్ణి గోడకి ఆనుకుని ఉండగా చూసి, నోరు తెరిచి, ఏమీ అనకుండానే మూసుకుని వెళ్లిపోయారు.

ఇదంతా మాస్టారి అక్కగారికి తెలియదు. తెలియకపోవడమే పెద్ద విడ్డూరం, ఎందుకంటే మా వీధిలో ఎవరింట్లో పాలు పొంగినా ఆవిడకి తెలుస్తుంది. కానీ ఆవిడ ముందు తమ్ముడి మాట ఎత్తే ధైర్యం ఎవరికుంది. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. ఆయనకి పెళ్లీ పెటాకులూ లేవు, ఆవిడకి భర్త లేడు, ఇద్దరూ ఆ రెండు గదుల ఇంట్లో ఒకరికొకరుగా ఉంటున్నారు.

పైగా ఆవిడకి తెలిసిన తమ్ముడు వేరు. "చెప్పిన తేదీకి రెండు వారాలు ముందే పుట్టాడు మావాడు. అప్పట్నుంచీ ఏనాడూ వెనకబడలేదు" అంటుంది. అబద్ధం కాదు. ఊరికి వెళ్లాలంటే ఆయన ముందరి బస్సుకంటే ముందే బస్టాండులో ఉంటారు. క్షౌరశాల తెరవకముందే అరుగు మీద కూర్చుని ఉంటారని, షట్టరు తానెత్తాలో ఆయనే ఎత్తుకుంటారో తెలియడం లేదని మంగలి మొర పెట్టుకున్నాడు కూడా. ఇంట్లో గడియారం ఆగితే అక్కగారు తమ్ముణ్ణి చూసి ముల్లు తిప్పుతుంది.

అలాంటి అక్కగారి ఇంటికి ఒక మంగళవారం పొద్దున తొమ్మిదీ పది నిమిషాలకి విద్యాశాఖ గుమస్తా వచ్చాడు.

"అమ్మా, ప్రధానోపాధ్యాయులుగారున్నారా?"

"బడికి వెళ్లాడు బాబూ."

"బడి నుంచే వస్తున్నానమ్మా. ఇంకా రాలేదన్నారు."

"ఏడున్నరకే వెళ్లాడే. నువ్వు వేరే బడికి వెళ్లుంటావు."

"గోడ మీద కాళ్లు విరిగినవి ఇటు అని రాసి ఉందమ్మా."

అలాంటి బడి ఇంకోటి ఉండే అవకాశం లేదు. గుమస్తా కవరు చేతికిచ్చి వెళ్లిపోయాడు. కవరు అంటించే ఉంది గానీ, మరీ గట్టిగా కాదు. అక్కగారు చదివింది. మళ్లీబడికి పిల్లలు తక్కువ, ఆ స్థలం వేరే పనికి కావాలి, పైగా ప్రధానోపాధ్యాయుడు కిందటి ఏడాది రెండు వందల పద్నాలుగు పనిదినాల్లో రెండు వందల పద్నాలుగు రోజులూ ఆలస్యంగా వచ్చినట్లు ఆయన సంతకాల వల్లనే తెలుస్తోంది. గురువారం ఉదయం తొమ్మిదింటికి తనిఖీ. బడి ఉంచడమా, తాళం వేసి పిల్లల్ని మామూలు బళ్లలో సర్దడమా అన్నది ఆ రోజే తేలుతుంది.

అక్కగారు గుమ్మంలోనే కూలబడింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. అంకె మారలేదు. పొరపాటున ఒక్క రోజైనా టైముకి వెళ్లకూడదూ అనుకుంది.

ఆవిడ అలా కూర్చుని ఉండటం వీధిలోంచి చూసి కుట్టుమిషను ఆవిడ పరుగున వచ్చింది. కాగితం చూసి తల ఊపింది. "ఎన్నాళ్లని దాస్తాం పిన్నిగారూ. ఆ ఇంటి దగ్గర పొద్దుపోతోందండీ ఆయనకి."

"ఏ ఇంటి దగ్గర?"

కుట్టుమిషను ఆవిడ అంతా చెప్పింది. అక్కగారికి కాసేపు మాట రాలేదు. మాట రాని అక్కగారిని మా వీధి చూడటం అదే మొదలు.

"మొదటి కాపురమే లేదు గదే వాడికి" అంది చివరికి. "రహస్యానిది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"పరదాలు కూడా ఉన్నాయట పిన్నిగారూ."

సాయంత్రం మాస్టారు ఇంటికి వచ్చి ఉత్తరం చదువుకుని, "గురువారమా" అని మడిచి జేబులో పెట్టుకున్నారు. అక్కగారు ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేస్తాడు. చెప్పేస్తే ఇక తాను కళ్లతో చూసేది ఏముంటుంది.

బుధవారం ఏడున్నరకి ఆయన వెనకే శాలువా కప్పుకుని బయలుదేరింది. వీధి చివర బడికి ఎడమవైపు తిరగాలి. మాస్టారు కుడివైపు తిరిగారు. ఆవిడ శాలువా ముసుగు మొహం మీదికి లాక్కుంది.

నాలుగు సందులు దాటాక నీలం రంగు తలుపున్న ఇంటి ముందు ఆగారాయన. మెట్ల మీద పదిహేనేళ్ల పిల్ల ఒకతి, కుర్చీలో కూర్చోబెట్టిన ముసలావిడకి తల దువ్వుతోంది. ముసలావిడ ఒక చెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉంది. ఇంత పెద్ద కూతురా అని అక్కగారు ఎదుటింటి గోడ పట్టుకుంది.

"టైమెంతయింది పాపా?" అన్నారు మాస్టారు. ఆయన చేతికి గడియారం ఉంది.

"ఎనిమిది కావస్తోంది సార్."

"అరెరె, నేనింకా ఇటువైపే ఉన్నానే. ఇవాళ కూడా లేటే."

"కారణం ఏం చెప్తారు సార్?"

"అదే ఆలోచిస్తున్నాను" అని ఆయన బడికి సరిగ్గా వ్యతిరేక దిక్కున నడిచి వెళ్లిపోయారు. సారే ఇంకా ఇటు పోతున్నారంటే తనకి బోలెడు టైముందని ఆ పిల్ల నవ్వుకుంది. దువ్వే చెయ్యి తేలికపడింది.

తర్వాత రొట్టెల బట్టీ వెనక గుమ్మం. మోచేతుల దాకా పిండితో ఒక కుర్రాడు. "టైమెంత బాబూ?" కొడుకు కూడా ఉన్నాడన్నమాట అనుకుంది అక్కగారు. తర్వాత బస్సు ఆగే చోట, పుస్తకాలు చొక్కా లోపల దాచుకుని, వచ్చిన బస్సునల్లా వదిలేస్తున్న ఇంకొకడు. మాస్టారు వాడి పక్కన కూర్చుని, ఏమీ మాట్లాడకుండా పేపరు చదివి, మూడో బస్సుకి లేచి, "నాకింకా పనుంది, నువ్వు పద" అని వాణ్ణి ఎక్కించారు. తర్వాత ఇంకో సందు, ఇంకో గుమ్మం, ఇద్దరు చెల్లెళ్లకి అన్నం పెడుతున్న ఇంకో పిల్ల. అక్కగారు మతిపోయి నడుస్తోంది. ఇన్ని ఇళ్లు, ఇంతమంది పిల్లలు. పరదాలు ఒక్కచోటా లేవు.

తొమ్మిదికి పది నిమిషాలుండగా మాస్టారు బడికి ఎదురుగా ఉన్న లాండ్రీలో దూరారు. అక్కగారు కూడా దూరింది. లాండ్రీ ఆయన ఇస్త్రీపెట్టె దించకుండానే మెల్లగా అన్నాడు. "ఆ దుప్పటి వెనక ఖాళీ లేదమ్మా. సార్ ఉన్నారు. ఈ పక్కదాని వెనక కూర్చోండి."

ఆరేసిన దుప్పట్లు వరసగా వేలాడుతున్నాయి. మాస్టారు కూర్చున్నది లేత ఆకుపచ్చదాని వెనక. కుట్టుమిషను ఆవిడ మాట పూర్తిగా గాలిలోంచి రాలేదన్నమాట.

దుప్పటి అవతల్నుంచి గొణుగుడు వినపడుతోంది. "ముప్పై ఆరు. ముప్పై ఏడు. రొట్టెలవాడు, ముప్పై ఎనిమిది." తొమ్మిది దాటింది. "నలభై." ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తొమ్మిదీ ఇరవై రెండుకి నీలం తలుపు పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి గేట్లో దూరింది. "నలభై ఒకటి." ఆ వెంటనే మళ్లీ ఒకటి, రెండు, మూడు అని మొదలయింది.

"ఇదేం లెక్క?" అని అక్కగారు సైగ చేసింది.

"నూరు దాకా లెక్కపెడతారమ్మా" అన్నాడు లాండ్రీ ఆయన గొంతు తగ్గించి. "ఆ పిల్ల మెట్లెక్కి, కూర్చుని, ఊపిరి తీసుకోవద్దూ."

నూరయ్యాక మాస్టారు లేచి, చక్కగా దోపి ఉన్న చొక్కాని సగం బయటికి లాగారు. ఇస్త్రీకి చిలకరించే గిన్నెలో చెయ్యి ముంచి నుదుటికి నీళ్లు రాసుకున్నారు. గుమ్మంలోంచి ఒక్క పరుగు తీశారు.

అక్కగారు దుప్పటి పక్కకి నెట్టి, లాండ్రీ ఆయన ఎదుట నిలబడింది. "ఏం నాటకమయ్యా ఇది?"

"రూలుంది కదమ్మా. ప్రధానోపాధ్యాయుడు వచ్చి పుస్తకంలో సంతకం పెట్టాక వచ్చిన పిల్లలకే ఎర్రసున్నా. పది సున్నాలైతే పేరు కొట్టేస్తారు. మా పిల్లకి పాత బళ్లో అలాగే కొట్టేశారు. ఇక్కడ సార్ లోపలికి వెళ్లందే ఎవరూ లేటు కాదు. సార్ ఎప్పుడు వెళ్తారు? అందరూ వెళ్లాక."

అక్కగారు ఇంటికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఒక్క మాట అంది. "రేపొక్కరోజు తొమ్మిదింటికి వెళ్లరా."

"వెళ్తానక్కా" అన్నారు మాస్టారు, కంచంలోకి చూస్తూ.

గురువారం ఎనిమిదిన్నరకే అక్కగారు లాండ్రీలో తన దుప్పటి వెనక తాను కూర్చుంది. పిల్లలకి తనిఖీ సంగతి తెలిసినట్టుంది, గుంపులు గుంపులుగా ముందే వచ్చేశారు. తొమ్మిదికి అయిదు నిమిషాలుండగానే పక్కనుంచి "నలభై" అని వినపడింది. అదే వేళకి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి, చేతిలో గడియారం పట్టుకుని గేటు పక్కనే నిలబడింది. తొమ్మిదయింది. తొమ్మిదీ అయిదు. తొమ్మిదీ పది.

"వెళ్లరా" అంది అక్కగారు ఉండబట్టలేక.

పక్క దుప్పటి ఉలిక్కిపడింది. "ఎవరది?"

"నేనేరా. దుప్పటి తీయకు, ఆవిడ ఇటే చూస్తోంది."

"నువ్వెప్పట్నుంచి ఉన్నావిక్కడ?"

"నిన్నట్నుంచి. వెళ్తానని చెప్పావు గదా, వెళ్లు."

"ఇంకొక్కతి రావాలక్కా."

"ఆ ఒక్కదానికోసం నలభైమంది బడి పోగొడతావా?"

మాస్టారు దుప్పటి అంచు దగ్గరికి జరిగారు. "పాత బళ్లో వాళ్ల నాయనమ్మకి కాలూ చెయ్యీ పడిపోయిన వారం, ఆ పిల్ల గేటు దాకా వచ్చి, మూసి ఉంటే వెనక్కి పోయింది. మళ్లీ ఒక బడి గుమ్మం ఎక్కడానికి రెండేళ్లు పట్టింది. ఇవాళ పోతే ఇక రాదక్కా."

తొమ్మిదీ ఇరవైకి ఆ పిల్ల వీధి మొదట్లో కనిపించింది. జడ సగం వేసుకుని పరుగెత్తుకొస్తోంది. గేటు దగ్గర కొత్త మనిషినీ, చేతిలో గడియారాన్నీ చూసింది. ఆగిపోయింది. నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

అక్కగారు పక్కకి చూసేసరికి ఆకుపచ్చ దుప్పటి ఊగుతోంది, వెనక మనిషి లేడు. లాండ్రీ వెనక గుమ్మం నుంచి సందు చుట్టి, ఆ యాభై ఏళ్ల మనిషి నిజంగానే రొప్పుతూ, నిజంగానే చెమటలు కక్కుతూ ఆ పిల్లకి ఎదురుపడ్డారు.

"పాపా, ఒక్క నిమిషం. మంచిదానివి, ఆగు."

"నేను వెళ్లిపోతున్నాను సార్. లేటయిపోయింది."

"నాకూ అయింది. గేటు దగ్గర ఇన్‌స్పెక్టరమ్మ ఉంది, చూశావా. ఒక్కణ్ణీ వెళ్లాలంటే నాకు భయంగా ఉంది. నువ్వు ముందు నడువు, నీ వెనక నేను వస్తాను."

పిల్ల ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. సారు చొక్కా సగం బయటే వేలాడుతోంది. చేతిగుడ్డతో ముక్కు తుడుచుకుని అంది. "ముందు ఆ చొక్కా లోపలికి దోపుకోండి సార్."

అలా పిల్ల ముందు, ప్రధానోపాధ్యాయుడు వెనక, గేటు దాకా నడిచారు.

"తొమ్మిదీ ఇరవై నాలుగు" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఎవరు మీరు?"

మాస్టారు నోరు తెరిచేలోపు పిల్ల అడ్డం వచ్చింది. "మా సారండీ. నేనే తీసుకొచ్చాను. ఏమీ అనకండి, భయపడుతున్నారు."

ఇన్‌స్పెక్టరమ్మ ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో ఎంతోమంది ప్రధానోపాధ్యాయుల్ని చూసి ఉంటుంది. పిల్ల చెయ్యి అడ్డం పెట్టి తీసుకొచ్చినవాణ్ణి చూసి ఉండదు. పక్కకి తప్పుకుంది. పిల్ల లోపలికి వెళ్లి కూర్చుంది. మాస్టారు తరగతి గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"లోపలికి రావచ్చాండీ?"

ఇన్‌స్పెక్టరమ్మ వెనకే ఉంది. ఇవాళ అడగాలా వద్దా అని పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒకడు అడిగేశాడు. "కారణం?"

"భయమేసిందండీ."

చాలాసేపు గుసగుసలు నడిచాయి. "పదికి పది సార్. రండి."

ఆ తర్వాత ప్రధానోపాధ్యాయుడి గదిలో ఇన్‌స్పెక్టరమ్మ పుస్తకాలు ముందేసుకుంది. కిటికీ బయట అక్కగారు కొంగుతో ఊచలు తుడుస్తున్నట్టు నిలబడింది కాబట్టే ఈ మాటలు మనదాకా వచ్చాయి.

"రోజూ లేటని మీ చేత్తో మీరే రాసుకున్నారు. తొమ్మిదని రాస్తే ఎవరికి తెలుస్తుంది?"

"లేటయిన మాట నిజమే గదండీ."

ఆవిడ పిల్లల పుస్తకం తెరిచింది. ఎర్రసున్నాలు వేసే వరస మీద వేలు పెట్టి కిందికి దించింది. పేజీ తిప్పింది. ఇంకో పేజీ. వేలు ఎక్కడా ఆగలేదు. తన సంచీలోంచి ఇదే పిల్లల పాత బళ్ల కాగితాలు తీసింది. ఇరవై ఆరుమంది పేర్ల పక్కన పదేసి సున్నాలు, ఆ మీద పేరు కొట్టేసిన గీత. రెండూ పక్కపక్కన పెట్టుకుని కళ్లప్పగించి కూర్చుంది.

"రెండేళ్లలో ఒక్క సున్నా లేదు" అంది మెల్లగా. "ఈ బళ్లో లేటుగా వచ్చింది మీరొక్కరే."

"అవునండీ."

"వీళ్లని మామూలు బళ్లలో సర్దేద్దామంటున్నారు మా ఆఫీసులో."

"అక్కణ్ణుంచే కదండీ వచ్చారు."

ఇన్‌స్పెక్టరమ్మ చాలాసేపు రాయలేదు. రాయడం మొదలుపెట్టాక ఆగలేదు. బడి ఇక్కడే, ఇలాగే కొనసాగాలని రాసి సంతకం చేసింది. ఇంకో కాగితం తీసుకుని, "ఆలస్యానికి మీకు మెమో ఇవ్వక తప్పదు" అంది.

"ఇవ్వండి. కానీ వచ్చే ఏడాది కూడా..."

"తెలుసు" అంది ఆవిడ తలెత్తకుండా. "నా దగ్గర కాగితాలు చాలానే ఉన్నాయి."

ఆ సాయంత్రం అక్కగారు తమ్ముడికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"అంతా చూశాను, అంతా విన్నాను. ఒక్కటే అర్థం కాలేదు. నువ్వు ప్రధానోపాధ్యాయుడివి. తొమ్మిదింటికే వెళ్లి కూర్చుని, వెనక వచ్చిన పిల్లలకి సున్నా పెట్టకుండా ఊరుకుంటే అడిగేవాడెవడు? ఈ సందులు తిరగడం, దుప్పటి చాటున దాక్కోవడం, ఆఖరికి మెమో తీసుకోవడం, ఇదంతా ఎందుకురా?"

మాస్టారు మెమో మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఊరుకోవచ్చక్కా. అప్పుడు వాళ్లు లేటుగా వచ్చి తప్పించుకున్నవాళ్లవుతారు. నేను వెనక వెళ్తే, నాకోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్లవుతారు. ఒక మనిషికోసం ఎదురుచూసేవాళ్లు ఎంత దర్జాగా కూర్చుంటారో నువ్వు చూడలేదు. సరే గానీ, రేపట్నుంచి నలభై రెండోవాడు చేరుతున్నాడు. వాడిల్లు ఊరి అవతల. నన్ను అయిదింటికే లేపు. లేటుగా వెళ్లడమంటే మాటలనుకున్నావా."